మొదటి గాటు లాభం

కుప్పంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ముందుగా పరిచయమైన మనిషి, సంతలో రాగులమ్మే ఒక తమిళావిడ. పరిచయం అంటే, ఆమె నా ముఖం ఎప్పుడూ సరిగా చూడలేదు, నేను ఆమె దగ్గర రాగులు ఎప్పుడూ కొనలేదు. అద్దెగదిలో ఒక్కడే ఉండే ఇంగ్లీషు లెక్చరరు రాగులు కొని ఏం చేసుకుంటాడు? నేను అక్కడ నిలబడేది వినడానికి. పడితో కొలిచి మొదటిది సంచిలో పోసేటప్పుడు ఆమె ‘ఒకటి’ అనదు, ‘లాభం’ అంటుంది. రెండు నుంచి అంతా తమిళమే. ఆ మొదటి మాట మాత్రం వాళ్లదీ మాదీ ఒకటే. అది వినేసి గదికి పోయి అన్నం వండుకునేవాణ్ణి. గుడికి పోయి గంట కొట్టి వచ్చేవాళ్లకూ నాకూ పెద్ద తేడా ఉండేది కాదు, నాకు ప్రసాదం దొరకదు, అంతే.

ఆ మాట నేను మొదట విన్నది పుంగనూరులో, మా అక్క నోట.

మాది మదనపల్లె. అక్కను పుంగనూరులో ఇచ్చారు. బావ వాళ్లది ధాన్యం అంగడి. ముందు గది అంగడి, వెనక గదులు ఇల్లు, మధ్యలో గోనె పరదా. రాగులు, సజ్జలు, అనుములు, ఉలవలు గోతాల్లో మూతులు మడిచి వరసగా ఉండేవి. అత్తమామలు ఒకరి తర్వాత ఒకరు పోయాక అంగడి బావ చేతికొచ్చింది. బావకు పడి పట్టుకోవడం కంటే స్టీరింగు పట్టుకోవడం ఇష్టం. అందుకని అంగడి అక్కకు అప్పజెప్పి, ఒక షేకు ఇంట్లో కారు తోలడానికి కువైట్ పోయాడు. అక్క అత్తగారి దగ్గర నేర్చుకున్న లెక్కతోనే అంగడి నడిపేది. మొదటి పడి ‘లాభం’. ఆరు తర్వాతది ‘ఆరున్నొకటి’. ఏడు అనే మాట ఆ అంగడిలో వినబడకూడదు. కొనడానికొచ్చిన మనిషిని పట్టుకొని ‘ఏడు’ అంటే ఏం బాగుంటుంది?

తొంభైలో, ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని రేడియోలో చెప్పారు. మా చుట్టుపక్కల చాలామందికి అవి రెండు వేర్వేరు దేశాలని ఆరోజే తెలిసింది. ఆ తర్వాత బావ దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. నేనప్పుడు మదనపల్లెలో బి.ఏ. చదువుతున్నాను. అక్కకు తోడుగా ఉండి, పుంగనూరు నుంచే బస్సులో కాలేజీకి పోయి రమ్మని మా అమ్మ నన్ను పంపింది. తోడుగా నేను పనికొస్తానని ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. పంపడానికి ఇంకొకరు లేరు.

కాలేజీ ఒంటిపూటే. మధ్యాహ్నానికి అంగడికి చేరేవాణ్ణి. ఆ వేళ గిరాకీ ఉండదు. రేడియో వార్తలు అయిపోయాక అక్కకు చేతుల్లో పని ఉండేది కాదు, దానికే ఆమె భయపడేది. చెరిగిన అనుములే మళ్లీ చెరిగేది. ఒకరోజు నా చేతిలో పుస్తకం చూసి అదేందని అడిగింది. మాకు ఇంగ్లీషులో పాఠంగా పెట్టిన పాతకాలపు నవల అది. ఓడ పగిలి, తోటివాళ్లంతా పోయి, ఒక్కడే దీవిలో పడి, ఏళ్ల తరబడి అక్కడే బతికిన ఒక దొర కథ. మొగుడి జాడ తెలియని మనిషికి చెప్పదగ్గ కథేనా అని ఒక క్షణం ఆలోచించాను. నా దగ్గరున్న రెండో పుస్తకం వ్యాకరణం. కథే చెప్పాను.

ఒడ్డున పడ్డ దొర ఎన్నాళ్లయిందో మరిచిపోకుండా ఒక గుంజ పాతి, దినానికొక గాటు పెట్టుకుంటాడు. అది చెబుతుంటే అక్క చేట ఆపి, మొదటి గాటు లాభం కదా అంది. నాకు నవ్వొచ్చింది. సముద్రంలో సర్వం పోగొట్టుకొని, ఒంటిమీద తడిగుడ్డతో మిగిలినవాడికి మొదటి రోజు లాభమేంటని అడిగాను.

“యాల నవ్వుతావురా? అంతమంది పోయినాక వీడొక్కడు ఊపిరితో ఉండాడు. అది లాభం గాకుంటే ఇంకేంది?”

ఆమె అంగడి లెక్క చెప్పింది, వేదాంతం కాదు. అయినా నేను పేజీలు తిప్పి చూపించాను. ఆ దొర కూడా ఒకచోట కాగితం మధ్యలో గీత గీసి, జరిగిన చెడు ఒకవైపు, దానికి ఎదురుగా జరిగిన మంచి ఇంకోవైపు రాసుకుంటాడు. దేవుడితో జమాఖర్చు. మా లెక్చరరు ఈ పేజీ మీద ఒక గంట మాట్లాడాడు. మతమూ వ్యాపారమూ ఒకే పుస్తకంలో రాసుకునే జాతి అది అన్నాడు. అక్క అంతా విని, అడుగున కూడినాడా అని అడిగింది. కూడలేదు, రాసి వదిలేశాడు అన్నాను. అట్లయితే వాడు వ్యాపారస్తుడు కాదులే అని మళ్లీ చేట అందుకుంది.

అప్పట్నుంచి ప్రతి మధ్యాహ్నం రేడియో తర్వాత కథ. నేను ఇంగ్లీషులో నాలుగు పేజీలు చూసుకొని తెలుగులో చెప్పడం, ఆమె మధ్యలో అడ్డం తగలడం. ఆ దొర వారానికొక గాటు పొడుగ్గా పెట్టి, ఆరోజు పని మానుకొని దేవుణ్ణి తలుచుకుంటాడు. ఏడో రోజు అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆరున్నొకటో రోజు అని అక్కే అందించింది. పరీక్షలో కూడా అట్లాగే రాస్తానేమోనని కొన్నాళ్లు నాకు భయంగా ఉండేది.

మునిగిన ఓడలో ఆ దొరకు బంగారు నాణేలు దొరుకుతాయి. ఈ దీవిలో నువ్వెందుకు, ఒక కత్తికున్న విలువ కూడా నీకు లేదు అని వాటిని పెద్ద తిట్టు తిడతాడు. తిట్టి, మూటగట్టి వెంట తీసుకుపోతాడు. ఉత్తరాలు ఆగాక అక్క బయటికి నవ్వడం నేను చూసింది అక్కడే. వాడు దాన్ని వదిలేసి పోయింటే ఈ కథ నేను నమ్మేదాన్ని కాదప్పా అంది.

ఇంకోచోట ఆ దొర దులిపి పారేసిన పాత సంచిలోంచి గింజలు రాలి, వానకు మొలుస్తాయి. విత్తింది ఎవరో గుర్తులేక, దేవుడే మొలిపించాడని మోకాళ్ల మీద పడతాడు. తర్వాత సంచి సంగతి గుర్తొస్తుంది. భక్తి కొంచెం దిగుతుంది. మళ్లీ ఆలోచించి, సంచిలో ఎలుకలు తినకుండా ఆ నాలుగు గింజలు మిగలడం దేవుడి పనే కదా అని సర్దుకుంటాడు. మా అంగడి ముందు కాలువ గట్టున కూడా రాలిన సజ్జలు ప్రతి వానకీ మొలిచేవి, అక్క ఊడ్చేటప్పుడు పీకేసేది. ఆ వారం ఒక మొక్కను పీకకుండా వదిలింది. పోతూ వస్తూ ఒక చెంబు నీళ్లు కూడా పోసేది. జానెడు దాటి పెరిగాక ఒక పొద్దున ఎవరిదో ఆవు వచ్చి దాన్ని మొదలంటా తినిపోయింది. పుంగనూరు ఆవు పొట్టిది కాబట్టి దాని ఆకలి కూడా పొట్టిదనుకోవడం బయటి ఊళ్లవాళ్ల పొరపాటు.

అక్క ఆరోజు కథ వద్దంది.

బావ కోసం ఆమె అప్పటికే కొండ మీది స్వామికి ముడుపు కట్టి ఉంది. పసుపు గుడ్డలో రూపాయి, దేవుడి పటం వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. దొర జ్వరంలో పడి, బతికినన్నాళ్లూ తలవని దేవుణ్ణి తలుచుకునే చోటు వచ్చినప్పుడు, ఇది మా లెక్చరరు చెప్పిన అవకాశవాదం కదా అని నేను కొంచెం తెలివి చూపించాను. అక్క మేకు వైపు చూడకుండానే జవాబు చెప్పింది.

“ఇంట్లో ఉప్పు అయిపోతేనే కదరా అంగడికొస్తారు? ఏమీ అయిపోకుండా ఊరికే ఎవురొస్తారు?”

ఆ రోజుల్లో బి.కొత్తకోటలో ఒకాయన కువైట్ నుంచి తిరిగొచ్చాడని తెలిసింది. అక్క నన్ను పంపింది. ఆయనకు బావ తెలియదు. ఎడారిలో గుడారాల్లో పడుకున్నామనీ, నీళ్లకు వరసలో నిలబడ్డామనీ, ఆఖరికి విమానంలో బొంబాయి చేర్చారనీ చెప్పాడు. ఇంకా వేలమంది అక్కడే ఉన్నారట. తిరిగొచ్చి అదంతా అక్కకు చెప్పాను. గుడారాలు వదిలేసింది, విమానం వదిలేసింది. నీళ్లు ఇస్తాండారంటనా అని మాత్రం అడిగింది. ఇస్తాండారంట అన్నాను. ఆ పూట అన్నం తినింది.

అన్నాళ్లూ ఆమె మనసులో ఆ దీవిలో ఉన్న దొర మా బావే. మేకలను మచ్చిక చేస్తే, ఈయనకు మేకంటే భయం, ఎట్ల చేస్తాడో అనేది. గొడుగు కుట్టుకుంటే, పోనీలే ఎండకు అనేది. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఇలాంటి ఒప్పందం ఒకటి కుదిరితే దాన్ని చెడగొట్టకూడదు. చెడగొట్టింది నవలే. ఆ దీవికి ఇంకో మనిషి వస్తాడు. వాణ్ణి చావు నుంచి కాపాడిన దొర, వాడికి తన భాషలో ఒక పేరు పెడతాడు. వాడు దొరికిన రోజు ఏ వారమో అదే వాడి పేరు. తనను ‘అయ్యా’ అని పిలవమని నేర్పుతాడు. తన దేవుణ్ణి నేర్పుతాడు. పని నేర్పుతాడు.

అక్క వెంటనే కూలి సంగతి అడిగింది. కూలి లేదు, తిండీ బట్టా అన్నాను. అంతకుముందు వానికి పేరు లేదా అంది. ఉండే ఉంటుంది, పుస్తకంలో లేదు అన్నాను. చేట ఒళ్లో పెట్టుకొని చాలాసేపు వీధి వైపు చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా వైపు చాలా పేర్లకు ఉన్నట్టే మా బావ పేరు చివర కూడా ‘అప్ప’ ఉంటుంది. అరబ్బుల నోట ‘ప’ పలకదట. షేకు ఇంట్లో అందరూ తనను చివర ‘అబ్బ’ చేసి పిలుస్తున్నారని బావ పోయిన ఏడాది ఉత్తరంలో రాశాడు. అప్పుడు మేమంతా ఆ ఉత్తరాన్ని చదువుకొని చదువుకొని నవ్వాం. మా అమ్మ కూడా నవ్వింది.

“ఆ దొర సంగతి ఇంక సాలు. ఈ రెండోవాని ఇంటికాడ ఎవురుండారో సూడు,” అంది అక్క.

చూశాను. నిజంగానే పేజీలన్నీ తిరగేశాను. వాడికి ఒక తండ్రి ఉన్నాడు, దొరుకుతాడు కూడా. పెళ్లాం ఉందో లేదో రాసినాయనకు పట్టలేదు. దొర ఎన్ని మేకలు పెంచాడో, ఎన్ని కుండలు కాల్చాడో, ఎంత పంట తీశాడో అన్నీ వివరంగా ఉన్నాయి. ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఎదురుచూడటం అనే పద్దు మాత్రం ఎక్కడా లేదు. దొర కోసం కూడా ఇంటి దగ్గర ఎవరూ వీధి వైపు చూస్తూ కూర్చోరు. ఆ పుస్తకం గురించి తర్వాత నేను చాలా చదివాను, చాలా చెప్పాను. ఇంతకంటే పెద్ద విమర్శ నాకు ఎక్కడా దొరకలేదు.

అందుకని నేనే వాడికి పెళ్లాన్ని పెట్టాను. పక్క దీవిలో ఉంటుంది, అక్కడ పండే ధాన్యం కొలిచి అమ్ముతుంది అన్నాను. ఏ ధాన్యమని అక్క అడిగింది. సజ్జలాంటిది అన్నాను. మొదటి పడికి ఏమంటుందని అడిగింది. వాళ్ల భాషలో లాభాన్ని ఏమంటారో అదే అన్నాను. అక్కకు నా మీద అనుమానం వచ్చే ఉంటుంది. పుస్తకం లాక్కొని చూసినా అది ఇంగ్లీషు. అయినా ఆమె లాక్కోలేదు. ఆ తర్వాత దొర కథ కుంటుతూ నడిచింది, ఆ రెండోవాడి పెళ్లాం కథ మాత్రం దినదినం పెరిగింది. తుఫానుకు ఆమె కొట్టం కూలింది, మళ్లీ కట్టుకుంది. వాడు పోయాడని ఊళ్లోవాళ్లు అన్నారు, ఆమె ఒప్పుకోలేదు. ఏడాది చివర పరీక్షలో ఆ నవల మీద ప్రశ్న వస్తే అలవాటుగా ఆమె గురించి కూడా ఒక పేరా రాశాను. మంచి మార్కులే వచ్చాయి. దిద్దినాయన కూడా పుస్తకం చదివి ఉండడు.

ఒక ఆదివారం పొద్దున, కాలేజీ లేదు కాబట్టి నేను అంగడిలోనే ఉన్నాను. పక్క పల్లె నుంచి వాడుకగా వచ్చే ముసలమ్మ రాగులకు వచ్చింది. అక్క కొలుస్తోంది, ముసలమ్మ సంచి పట్టుకుంది. లాభం, రెండు, మూడు. ఆరు పోసి, తర్వాతది ముంచి ఎత్తేటప్పటికి వీధిలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. అంత ఎండలో భుజం మీద బూడిదరంగు కంబళి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, చెప్పులు ఒక జతవి కావు. నేను పోల్చుకోలేదు.

“ఏడు,” అంది అక్క.

ఆ అంగడిలో ఆ మాట వినబడటం అదే మొదలు. పడి ఆమె చేతిలో అట్లాగే ఉండిపోయింది.

బావ లోపలికి రాలేదు. అంగడిలో పుట్టి పెరిగిన మనిషి. కొలత మధ్యలో ఉన్నప్పుడు గడప దాటకూడదని ఆయనకు తెలుసు. కువైట్ నుంచి, ఎడారి నుంచి, బొంబాయి నుంచి అంత దూరం వచ్చినవాడు, తన అంగడి మెట్టు కింద సంచి పట్టుకొని నిలబడ్డాడు.

ముసలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత అక్క వైపు తిరిగి, నోట ఆ మాట వచ్చింది కాబట్టి ఈ కొలత పనికిరాదని, మొదట్నుంచి కొలవమని చెప్పింది. సంచిలో రాగులు తానే గోతంలోకి వంచేసింది. అక్క పడి ముంచింది. సగం గింజలు కింద రాలాయి.

“లాభం,” అంది.

మొత్తం కొలిచేదాకా బావ అట్లాగే నిలబడ్డాడు, మేమంతా అట్లాగే ఉన్నాం. ఎవరూ ఏడవలేదు అని రాయాలని ఉంది. అంగడిలో ఎండు మిరపకాయల గోతం కూడా ఒకటి ఉండేదని మాత్రం రాస్తాను. కొలత అయ్యాక ముసలమ్మ, మొగుడొచ్చినాడు కదా, ఇంకొక పడి కొసరెయ్యమ్మా అంది. అక్క వేసింది. దాన్ని లెక్కపెట్టలేదు. ముసలమ్మ సంచి నెత్తికెత్తుకొని మెట్టు దిగుతూ బావను పేరు పెట్టి, చివర అప్పతో సహా నిండుగా పిలిచి, బాగుండావా అని అడిగింది. బావ బాగుండానన్నాడు. ఆ పేరు విన్నప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో చెప్పడానికి నాకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మాట లేదు. రెండూ చదివాను.

వారం తిరక్కుండానే ముడుపు చెల్లించడానికి వాళ్లిద్దరూ కొండకు పోయారు. నేను అంగడి చూసుకుంటూ, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆ నవల చివరి పేజీలు ఒక్కణ్ణే చదివాను. దొర ఇంటికి చేరతాడు. ఆయన లేనన్నాళ్లూ, ఓడ ఎక్కకముందు వేసిన ఆయన తోటలు పండుతూనే ఉన్నాయి, పెద్ద ఆస్తిపరుడవుతాడు. ఆ రెండోవాడు తన ఇంటికి పోడు, దొర వెంటే పోతాడు. అక్క వచ్చి, వాడు చేరినాడా అని అడిగితే, చేరినాడు అని చెప్పాను. బావ లోపల పడుకొని ఉన్నాడు. కథ చెప్పడానికి అక్కడ ఇంక వీలూ లేదు, అవసరమూ లేదు.

అన్నీ సమకూరాక ఆ దొర కొన్నేళ్లకు మళ్లీ ఆ దీవిని చూడటానికి పోతాడు. అది ఆస్తి మీద ఆశ అని మా లెక్చరరు చెప్పాడు, నేనూ నా విద్యార్థులకు అదే చెబుతున్నాను. సిలబస్‌కు అది చాలు. కుప్పంలో గది తీసుకున్నాక, సాయంత్రాలు సంతలో ఆ తమిళావిడ పక్కన నిలబడటం మొదలుపెట్టాక, దొర మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది. తిండీ తోడూ లేని చోటు మీద మనసు పెట్టుకోవడం ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు. నా సంగతి ఇంకా అన్యాయం. ఊరంతా ఎవరి రాక కోసం మొక్కుకుందో ఆయన వచ్చాడు. అందరికంటే ఎక్కువ సంతోషపడిన నలుగురిలో నేనొకణ్ణి. అయినా ఆ చేట చప్పుడు, గోనె వాసన, ‘ఊ, తర్వాత?’ అనే ఆ గొంతు, ఆ మధ్యాహ్నాలు మళ్లీ కావాలంటే ఏం జరగాలని కోరుకోవాలి? అందుకని కోరుకోను. సంతకు పోతాను.

ఇప్పుడు పుంగనూరు అంగడిలో కరెంటు కాటా ఉంది. గోతాల బదులు ప్యాకెట్లు. కాటా అంకెలు ఎర్రగా చూపిస్తుంది, నోటితో ఏమీ అనదు.

అప్పుడు, బావ వచ్చాక, నేను తిరిగి మదనపల్లెకు పోయే రోజు బస్సుకు టైమయింది. అక్క నా సంచి లాక్కొని, అమ్మకు అనుములు ఇస్తానని గోతం దగ్గరికి పోయింది. ఇంటికి ఇచ్చేది కొలవడమెందుకని బావ లోపల్నుంచి నవ్వాడు. ఆమె కొలిచింది. లాభం, రెండు, మూడు. ఆరు పోసి పడిని గోతంలో గుచ్చి వదిలేసింది. సంచిలో ఇంకా చోటుంది. ఆరున్నొకటోది కూడా పడుతుంది కదక్కా అన్నాను.

“వద్దులేరా. నువ్వు పోతాండావు. ఇప్పుడు ఆ లెక్క యాల?” అని సంచి మూతి కట్టింది.